కూతయు మాటయు: ఆంగ్లభాషయందలి జంతుధ్వనుల చరిత్రము

ఆంగ్లము నేర్చుకొను బాలబాలికలచే మొదటి తరగతులలోనే యొక పట్టికను కంఠపాఠము చేయింతురు. కుక్క ‘బార్క్’ చేయును. గుఱ్ఱము ‘నే’ అనును. ఆవు ‘లో’ అనును. గొఱ్ఱె ‘బ్లీట్’ చేయును. గాడిద ‘బ్రే’ చేయును. పంది ‘గ్రంట్’ చేయును. పిల్లి ‘మ్యూ’ అనును. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చిపెట్టుట కంటె నీ పట్టికకు వేఱు ప్రయోజనము గలదని బాలురు గాని, వారికి దానిని వల్లెవేయించు మావంటి యుపాధ్యాయులు గాని తఱచుగా తలపరు. కాని యీ చిన్నపదముల వెనుక వేయి సంవత్సరములకు మించిన చరిత్రము గలదు. ఏది మాట, ఏది కూత, ఎవరి నోట వెలువడిన దానికి అర్థ ముండును, ఎవరి నోట వెలువడిన దానికి ఉండదు అను పెద్ద వివాద మా చరిత్రములో నిమిడియున్నది. ఆ వివాదము మన యిండ్లలోను నిత్యము జరుగుచున్నదే గనుక చదువరులు దీని నొక్కింత యోపికతో పరిశీలింప గోరుచున్నాను.

క్రీ. శ. 1000వ సంవత్సర ప్రాంతమున ఇంగ్లాండు దేశమందు ఆల్ఫ్రిక్ అను క్రైస్తవ సన్న్యాసి యుండెను. ఇతడు 1005లో ఐన్‌షామ్ మఠమున కధిపతి యయ్యెను. మఠములోని బాలురకు లాటిను భాష నేర్పుటకై యితడు ఆంగ్లములో నొక లాటిను వ్యాకరణమును రచించెను. ఆ గ్రంథారంభమునందే ధ్వనిని రెండు తెగలుగా విభజించెను. అర్థముతో గూడి స్పష్టముగా నుండునది మొదటిది. అది మనుష్యుని మాట. అర్థము లేక కలగాపులగముగా నుండునది రెండవది. ఈ రెండవ తెగకు ఆయన చూపిన యుదాహరణములు పసుల యఱపు, గుఱ్ఱముల సకిలింపు, కుక్కల మొఱుగుడు, చెట్ల చిటపటలు. నేడు మన పిల్లలు చదువు ‘లో’, ‘నే’, ‘బార్క్’ అను మూడు పదములును ఆ పూర్వరూపములలో ఆనాటి పాఠములో నొక్కచోటనే కానవచ్చుచున్నవి. అనగా, వేయి సంవత్సరముల నాడు ఆంగ్లబాలకుడు వ్యాకరణము తెఱవగానే నేర్చుకొన్న మొదటి సంగతులలో నొకటి, కుక్క మొఱుగుటలోను గుఱ్ఱము సకిలించుటలోను అర్థ మేమియు లేదనుట.

ఈ సిద్ధాంతము ఆల్ఫ్రిక్ కల్పించినది కాదు. అతనికి సుమారు అయిదువందల యేండ్లకు పూర్వము కాన్‌స్టాంటినోపులు నగరమున లాటిను బోధించిన ప్రిస్కియన్ అను వైయాకరణుడు దీనిని విస్తరించి చెప్పియున్నాడు. కప్ప కూతను ‘కోఆక్స్’ అనియు, కాకి కూతను ‘క్రా’ అనియు అక్షరములలో వ్రాయవచ్చును గాని వానివలన నర్థము మాత్రము బోధపడదని యాతని మతము. వ్యాకరణ మిట్లు చెప్పుచున్నను, జంతుధ్వనుల పట్టికలను కూర్చుట మాత్రము పండితులు మానలేదు. క్రీ. శ. 709 ప్రాంతమున మరణించిన ఆల్డ్‌హెల్మ్ అను ఆంగ్ల బిషప్పు తన ఛందోగ్రంథములో లాటిను భాషయందు ఏ జంతువు కూతకు ఏ క్రియను వాడవలయునో యొక జాబితా యిచ్చెను. మన అమరసింహుడు ఏనుగు ధ్వనికి బృంహితమనియు, గుఱ్ఱము ధ్వనికి హేష యనియు వేర్వేఱుగా చెప్పినట్టిదే యిది. అర్థము లేదని త్రోసివేసిన ధ్వనికి ఇన్ని పేరు లేల? ఈ ప్రశ్నకు ఆ పండితుల గ్రంథములలో సమాధానము దొరకదు. సమాధానము పసులకొట్టములలోను గుఱ్ఱపుసాలలలోను వెదకవలయును.

1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లాండును జయించిరి. అది మొదలు ప్రభువుల యిండ్లలోను, తరువాత న్యాయస్థానములలోను ఫ్రెంచిభాష నెలకొనెను. పొలములలోను పాకలలోను ఆంగ్లమే నిలిచియుండెను. కొట్టములో నున్నంతవఱకు జంతువునకు ఆంగ్లనామము, వండి ప్రభువు పళ్లెములో వడ్డించిన పిమ్మట ఫ్రెంచినామము వచ్చుటను వాల్టర్ స్కాట్ 1819లో వెలువడిన తన ‘ఐవన్‌హో’ నవలయందు పరిహాసముగా చూపిన సంగతి చదువరులలో పలువు రెఱిగినదే. జంతుధ్వనుల విషయ మంతకంటెను స్పష్టము. పశువునకు ‘లో’, గొఱ్ఱెకు ‘బ్లీట్’, పందికి ‘గ్రంట్’, గుఱ్ఱమునకు ‘నే’, కోడికి ‘క్లక్’ అనునవన్నియు నార్మనులు రాకపూర్వమునుండి యున్న దేశీయపదములే. ఫ్రెంచినుండి వచ్చినవానిలో ముఖ్యమైనది ‘బే’. అది వేటకుక్కలు మృగము జాడ పట్టి గంభీరముగా కూయుట. వేట ప్రభువుల వినోదము గనుక ఆ పదము ప్రభువుల భాషనుండి వచ్చెను. పాలు పిండువారును, మందలు కాయువారును, గ్రుడ్లు ఏరువారును వినిన ధ్వనులకు వారి మాటలే నిలిచెను. రాజ్యము పోయినను, న్యాయస్థానము పోయినను, పశువుతో కలిసి బ్రదికినవాని చెవిని ఎవరును జయింపలేకపోయిరి.

పదమూడవ శతాబ్దమున జరిగిన యొక సంగతి యిందులకు చక్కని నిదర్శనము. హెర్ట్‌ఫర్డ్ ప్రాంతమువాడగు వాల్టర్ బిబ్స్‌వర్త్ అను భూస్వామి, డయొనీసియా అను గొప్పయింటి యిల్లాలు తన బిడ్డలకు ఫ్రెంచి నేర్పుకొనుటకు సాయముగా నొక పద్యపాఠమాలను వ్రాసి యిచ్చెను. సేద్యమునకును గృహనిర్వాహమునకును కావలసిన మాటలు అందు ముఖ్యముగా నున్నవి. అందొక భాగమున ఏ జంతువు ఎట్లు కూయునో చెప్పు ఫ్రెంచిక్రియలు వరుసగా నీయబడినవి. వ్రాతప్రతులలో పంక్తుల నడుమ ఆంగ్లపదములు అర్థములుగా వ్రాయబడియున్నవి. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. భూస్వామి బిడ్డలు సయితము ముందుగా నెఱిగినది ఆంగ్లపదమునే. ఆవు అఱచుటను వారు దాది యొడిలోనో, దొడ్డివాకిటనో ఆంగ్లములో విని, తరువాత దొరతనమునకై ఫ్రెంచిలో నేర్చుకొనవలసివచ్చెను. ఇది మొదటిది. ఆ పాఠము చెప్పవలసినది తల్లి యనుట రెండవది. స్త్రీకి చదు వేల యనువారు, ఏడువందల యేండ్లకు పూర్వము ఒక గృహిణి చేతికి భాషాబోధిని వ్రాసి యిచ్చిన యీ కథను తలచుకొనవలయును. ఆ తల్లి లేనిచో ఆ పుస్తకమే లేదు.

ఇక నీ పదముల యర్థములను విచారింతము. కుక్క యొక్కటే, దాని ధ్వనికి ఆంగ్లమున నున్న క్రియలు మాత్రము అనేకములు. క్రొత్తవానిని చూచి మొఱుగుట ‘బార్క్’. దగ్గఱకు రావద్దని గొంతులో గుఱ్ఱుమనుట ‘గ్రౌల్’. దెబ్బ తగిలి కుయ్యిమనుట ‘యెల్ప్’. తలుపు తీయుమనియో, ఆకలియనియో సన్నగా మూలుగుట ‘వైన్’. ఒంటరియై మోర యెత్తి దీర్ఘముగా ఏడ్చుట ‘హౌల్’. గుఱ్ఱము దూరముననున్న తోడిగుఱ్ఱమును పిలుచుచు బిగ్గఱగా సకిలించుట ‘నే’. సంతోషముతో మెల్లగా సకిలించుట ‘విన్నీ’. ఆవు అంబా యనుట ‘లో’. ఆబోతు ఱంకె వేయుట ‘బెల్లో’. నిజముగా నీ ధ్వనులలో అర్థమే లేనిచో ఇన్ని క్రియ లెట్లు పుట్టును? వినువారికి కోపము వేఱుగా, బాధ వేఱుగా, ఆకలి వేఱుగా, ప్రేమ వేఱుగా తెలిసినందువలననే వేర్వేఱు మాటలు పుట్టినవి. వైయాకరణుడు అర్థము లేదనెను. గుఱ్ఱపువాడు అర్థ మున్నదని తన భాషతోనే సాక్ష్యము చెప్పెను. చార్లెస్ డార్వినుడు 1871లో ప్రకటించిన మానవావతరణ గ్రంథమున పెంపుడుకుక్క మొఱుగుటలో ఉత్సాహము, కోపము, నిరాశ, ఆనందము, తలుపు తీయుమను ప్రార్థన మున్నగు భేదములను విడదీసి చూపెను. ఆయన చూపిన భేదములు ఆంగ్లగ్రామీణుని పదజాలమున అంతకు పూర్వమే చాలవఱకు పేరు పొందియుండెను.

ఈ పదములు జంతువుల ధ్వనికి అనుకరణములా, కావా యను వాదమును గలదు. మన యాస్కాచార్యులు నిరుక్తమున కాకశబ్దము ధ్వన్యనుకరణమనియు, పక్షుల పేళ్లలో నిట్టివి విశేషముగా నున్నవనియు చెప్పి, అట్టి యనుకరణమే లేదను ఔపమన్యవుని మతమును కూడ పేర్కొనెను. పాశ్చాత్యులలో నీ వాదము పందొమ్మిదవ శతాబ్దమున తీవ్రమయ్యెను. భాష యంతయు జంతుధ్వనుల యనుకరణమువలన పుట్టినదనువారి మతమునకు మాక్స్ ముల్లరు తన 1861 నాటి యుపన్యాసములలో ‘బౌవౌ సిద్ధాంత’ మని హాస్యముగా పేరు పెట్టెను. కోకిల పేరువంటి యనుకరణపదములు వేరు లేని కాగితపు పువ్వులవంటివనియు, వానినుండి చిగుళ్లు పుట్టవనియు ఆయన భావము. ఇరుపక్షములను కొంత సత్యము గలదు. కోడిపుంజు మనకు ‘కొక్కొరోకో’ యని కూసినట్లు వినబడును. ఆంగ్లేయునికి ‘కాకడూడిల్‌డూ’ యనియు, జర్మనునికి ‘కికెరికీ’ యనియు వినబడును. కోడి యన్నిచోట్లను కోడియే. వినువాని చెవి మాత్రము వాని మాతృభాష పోత పోసినది.

చెవి మాఱుటయే కాదు, నోరును మాఱును. గొఱ్ఱె కూతకు పూర్వాంగ్లమున ‘బ్లేటన్’ అను దానికి దగ్గఱగా నుచ్చరించు పద ముండెను. 15వ శతాబ్దము మొదలు సుమారు మూడు శతాబ్దములలో ఆంగ్లదీర్ఘాచ్చుల యుచ్చారణ మెల్ల మాఱిపోవగా, ఆ ‘బ్లే’ కాస్త ‘బ్లీ’ అయ్యెను. గొఱ్ఱె మాత్రము తన ‘బే’ను విడువలేదు! గ్రీకుభాషలోను నిట్లే జరిగినది. క్రీస్తునకు పూర్వ మయిదవ శతాబ్దమున క్రాటినస్ అను ఏథెన్సు హాస్యనాటకకర్త గొఱ్ఱె కూతను వ్రాసిన యక్షరములను నేటి గ్రీకులు చదివినచో ‘వీ, వీ’ యగును. లోకములో నే గొఱ్ఱెయు నట్లు కూయదు. కావున పూర్వగ్రీకుల యుచ్చారణమును నిర్ణయించు పండితులు ఆ గొఱ్ఱెను సాక్షిగా పిలుచుచుందురు. అర్థము లేదన్న నోరే భాషాచరిత్రమునకు నమ్మదగిన సాక్షి యైనది.

జంతువు సాక్షియగుట బైబిలునందును గలదు. సౌలు రాజు, శత్రువుల పశువుల నన్నిటిని సంహరింపుమన్న దైవాజ్ఞను నెఱవేర్చితినని ప్రవక్తయైన సమూయేలుతో చెప్పుకొనెను. అట్లయినచో నాకు వినబడు నీ గొఱ్ఱెల కూతలును ఎద్దుల యఱపులును ఏమిటని ప్రవక్త యడిగెను. రాజు మాట అబద్ధము. గొఱ్ఱె కూత నిజము. 1611 నాటి సుప్రసిద్ధాంగ్లానువాదమున నీ ఘట్టమునందే ‘బ్లీటింగ్’, ‘లోయింగ్’ అను రెండు పదములు ప్రక్కప్రక్కన నిలిచి రాజును దోషిగా చూపుచున్నవి. 1658లో కొమీనియస్ అను మొరేవియా దేశపు విద్యాసంస్కర్త బొమ్మలతో నొక బాలబోధిని ప్రకటింపగా, మఱుసటి యేట చార్లెస్ హూల్ అను ఉపాధ్యాయుడు దానిని ఆంగ్లీకరించెను. అందు అక్షరమాలను నేర్పువారు జంతువులే. కాకి యొక యక్షరమును, గొఱ్ఱెపిల్ల యొక యక్షరమును పలుకును; పాము బుసకొట్టి ‘ఎస్’ ధ్వనిని, కుక్క గుఱ్ఱుమని ‘ఆర్’ ధ్వనిని చెప్పును. ఆల్ఫ్రిక్ పాఠశాలలో అర్థహీనమని వెలివేయబడిన కూత, కొమీనియస్ పాఠశాలలో గురుపీఠ మెక్కెను.

ఇంతవఱకు నీ చరిత్రము వినోదకరము. ఇందు వినోదము కాని భాగము ఒకటి గలదు. ఈ పదములు మనుష్యులకును జంతువులకును నడుమ ఇటునటు తిరుగుచుండును. ‘యెల్ప్’ అను క్రియకు పూర్వాంగ్లమున గొప్పలు చెప్పుకొనుట యని యర్థము. అది వీరుల మాట. కాలక్రమమున దిగజాఱి దెబ్బతిన్న కుక్క కూత యైనది. ‘వైన్’ అనునది మొదట గాలిలో దూసికొనిపోవు బాణపు ధ్వని. పిదప బాధపడు మనుష్యుని మూలుగు. పిదప కుక్క మూలుగు. ‘బ్రే’ మొదట మనుష్యుల ఆక్రోశమునకును చెల్లుచుండెను. నేడది గాడిద సొత్తు. ఎదురుదారిని వచ్చినవియు గలవు. ‘చాటర్’ పిట్టల కిచకిచ, ‘కాకిల్’ కోడిపెట్ట గ్రుడ్డు పెట్టి చేయు సందడి. ఈ రెండును కాలక్రమమున మనుష్యుల వ్యర్థప్రసంగమునకు, అందును స్త్రీల మాటలకు, వాడుకయైనవి. పురుషుడు సభలో పలికినచో ‘రోర్’, అనగా సింహగర్జనము. స్త్రీలు నలుగురు కూడి పలికినచో కోళ్లగోల. ఒక్క క్రియ మార్చుటచే మాటకున్న యర్థమును పెఱికివేయవచ్చును. ప్రత్యుత్తరము చెప్పవలసిన పని తప్పును.

1790లో ఎడ్మండ్ బర్కు ఫ్రెంచి విప్లవమును ఖండించుచు సామాన్యజనులను పందిమూక యన్నాడు. మఱి మూడేండ్లకు థామస్ స్పెన్సు అను బీదవారి పక్షపు రచయిత ‘పందుల మేత’ యను నర్థము వచ్చు పేరుతోను, డేనియల్ ఐజాక్ ఈటన్ ‘పందుల కుడితి’ యను నర్థము వచ్చు పేరుతోను పత్రికలు ప్రకటించిరి. మమ్ము పందులన్నారు గదా, పందుల మాటయు కొంచెము వినుడని వారి యభిప్రాయము. స్త్రీల హక్కులను సమర్థించుచు 1792లో గ్రంథము వ్రాసిన మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్టును హొరేస్ వాల్‌పోల్ 1795 నాటి యుత్తరమున లంగా కట్టిన దుమ్ములగొండి యని నిందించెను. ఆమె గ్రంథమున హేతువులున్నవి; ఆ నిందలో నొక్కటియు లేదు. జంతువును చేసినవారికి సమాధానము చెప్పనక్కఱలేదను నమ్మక మొక్కటే యున్నది.

ఈ నమ్మకమునకు మూలము ఆ పాతవ్యాకరణపు గీతయే. గీతకు ఆవలనున్నవాని ధ్వనిలో నర్థము లేదనినచో, ఎవరినైనను ఆవలికి నెట్టివేయవచ్చును. ఆ గీతను జెరెమీ బెంథాము 1789లో ప్రకటించిన ధర్మశాసన గ్రంథమున ప్రశ్నించెను. జంతువు తర్కింపగలదా, మాటలాడగలదా యనుట గాదు, బాధపడగలదా యని యడుగవలయునని యాతని తీర్పు. 1822లో రిచర్డు మార్టిను ప్రయత్నమున బ్రిటిషు పార్లమెంటు పశువులను క్రూరముగా హింసించుటను నిషేధించు చట్టము చేసెను. 1824లో లండనున జంతుహింసానివారణ సంఘము వెలసెను. పిమ్మట శాస్త్రమును తోడువచ్చెను. 1980లో సైఫార్త్, చీనీ, మార్లరు అను శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోని కెన్యాదేశమున వెర్వెట్ కోతులను పరీక్షించి, అవి చిఱుతపులికి నొక కూత, గ్రద్దకు నొక కూత, పామునకు నొక కూత కూయుచున్నవని నిరూపించిరి. ఆ కూతలను యంత్రమున పట్టి వినిపింపగా, మొదటిదానికి చెట్టెక్కినవి, రెండవదానికి పైకి చూచినవి, మూడవదానికి క్రిందికి చూచినవి. కోతి కూతయు మనుష్యుని మాటయు నొక్కటే యని దీనివలన తేలదు. కాని కూతలో అర్థమే లేదను వాదము నిలువదని తేలుచున్నది.

మన భాషలోను ఈ గీత గలదు. నాయకుడు పలికినచో గర్జించెనందుము. కూలివాడు కూలి యడిగినచో మొఱుగుచున్నాడందుము. కోడలు ఎదురుచెప్పినచో కూయకుమందుము. ఆడుపిల్లలు నలుగురు కూడి చదువును గూర్చి మాటలాడుకొన్నచో కాకిగోల యందుము. ఈ మాటలు పలుకువారు దుష్టులని నే ననను. వినుటకు తీఱిక లేనివారు, వినినచో సమాధానము చెప్పవలసివచ్చునని యెఱిగినవారు. అయితే పిల్లలు మన వాక్యములను గాదు, మన క్రియలను నేర్చుకొందురు. పెరటిలో ఆవు అఱచినపుడు, ‘దూడ కొఱకా, నీళ్ల కొఱకా, చూచి రమ్ము’ అని పిల్లవానిని పంపు తల్లి, ఆల్ఫ్రిక్ చెప్పలేని వ్యాకరణమును వానికి నేర్పుచున్నది. అదే యింటిలో పనిమనిషి జీతపుమాట యెత్తగా ‘మొఱుగకు’ మను గద్దింపు వినబడినచో, ఆ పాఠ మంతయు నొక్క క్షణమున చెఱిగిపోవును.

జంతుధ్వనుల పట్టికను పిల్లలచే వల్లెవేయింతము, అది మంచిదే. దానితో గూడ ప్రతి క్రియకును ఎదుట, ఆ జంతువు అట్లు కూయుట కేమి కారణమో కూడ వారిచే చెప్పింతము. ఆవు కూతకు కారణ మడుగుట నేర్చిన బిడ్డ, రేపు మనుష్యుని మాటకు కారణ మడుగక త్రోసివేయడు. పెద్దలమైన మనము, ఇంటిలో నెవరి మాటకైనను జంతువు క్రియను తగిలించుటకు ముందు, ఆ మాటలో నున్న యర్థమేమో యొక్కసారి విందము.